సున్నాల వేసవి

ఆ వేసవిలో సూర్యుడి మీద ఒక్క మచ్చ కూడా లేదని మా అత్తయ్య రోజూ కాగితం మీద రాసేది. మేమంతా నమ్మేవాళ్ళం. నమ్మక చస్తామా? యాభై ఆరేళ్ళుగా మా ఇంట్లో సూర్యుడి సంగతి చూసుకునేది ఆవిడే.

పొద్దున్న కాఫీ అవగానే వరండాలో చిన్న టెలిస్కోపు బిగించేది. దాని వెనక తెల్ల అట్ట పెడితే సూర్యుడి బింబం సాసరంత గుండ్రంగా ఆ అట్ట మీద పడేది. మచ్చల గుంపుకు పది, అందులో ఒక్కో మచ్చకు ఒకటి చొప్పున కూడి, పెన్సిలుతో రాసి, నెలాఖరుకు ఆ కాగితాలకు నకలు తీసి ఖగోళ పరిశీలకుల సంఘానికి పంపేది. దేశమంతటా ఇలాంటి వెర్రివాళ్ళు వందలమంది ఉన్నారు. అందరి లెక్కలూ కలిపి సంఘంవాళ్ళు సరాసరి తీస్తారు. పిడుగులు పడినా, ఆవు ఈనలేక అవస్థ పడుతున్నా అత్తయ్య లెక్క ఆగేది కాదు. మామయ్య పోయినప్పుడు కూడా, నల్ల గౌను వేసుకుని చర్చికి బయల్దేరే ముందు పన్నెండు మచ్చలు లెక్కపెట్టి మరీ కారెక్కింది.

సూర్యుడికి పదకొండేళ్ళకోసారి మచ్చలు తగ్గిపోయే కాలం వస్తుందిట. 2017 అలాంటి కాలం. "నిద్రపోతున్నాడు" అనేది అత్తయ్య, తొట్లో పిల్లాడి గురించి చెప్పినట్టు. మేము సరేననుకున్నాం.

ఆ ఏడు ఆగస్టు ఇరవై ఒకటిన సంపూర్ణ సూర్యగ్రహణం మా పొలం మీదుగా పోతుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం పడమటి కొసన, ఇసుకదిబ్బల మధ్య, మా ఆవులు మేసే దిబ్బ మీద సరిగ్గా రెండు నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు చీకటి పడుతుంది. ఈ లెక్క అత్తయ్య ఎప్పుడో కట్టిపెట్టింది. 1979 ఫిబ్రవరిలో ఉత్తరాన మోంటానా రాష్ట్రంలో గ్రహణం వచ్చినప్పుడు వెళ్దామని ఆవిడ పెట్టె సర్దుకుంటే, మామయ్య అడ్డం నిలబడ్డాడట. "ఆవులు ఈనే రోజులు, వెల్డా! ముప్ఫై ఎనిమిదేళ్ళు ఓపిక పడితే గ్రహణం మన దిబ్బ మీదికే వస్తుందని నువ్వే కదా చెప్పావు?" అన్నాడట. ఆవిడ పెట్టె విప్పేసింది. ఓపిక పట్టింది. మామయ్య ఉండలేదు గాని, గ్రహణం మాత్రం వస్తోంది.

నేనా ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఇరవై మూడేళ్ళు. మాకు గొడవలు లేవు, అలాగని చనువూ లేదు. 2012లో శుక్రుడు సూర్యుడి మీదుగా నడిచిన సాయంత్రం, "రొండా, ఒక్కసారి వచ్చి చూడు, నల్ల చుక్కలా పోతున్నాడు" అని పిలిచింది. పొయ్యిలో 'పై' కాలుతోంది, పుల్లటి రూబార్బ్ కాడలు కూరిన తీపి రొట్టె, రానన్నాను. "ఇది మళ్ళీ నూట అయిదేళ్ళకు గాని రాదు. నీ రూబార్బ్ పై వచ్చే వారం మళ్ళీ వస్తుంది" అని లోపలికి పోయి వారంరోజులు నాతో మాట్లాడలేదు. నేను స్కూలు బస్సు నడుపుతాను. నలభైమంది పిల్లల్ని అద్దంలో చూసి ఆడించగలను గాని, ఆవిడ ముందు మాత్రం నోరు పెగిలేది కాదు.

జులై రెండోవారం. నా భర్త గార్త్ గడ్డికోతలో ఉన్నాడు. బడికి సెలవులు గనక నేను బట్టలారేస్తున్నాను. పెట్రోలు బంకులో గ్రహణం కళ్ళజోళ్ళు అమ్ముతుంటే ముందురోజు అరడజను కొనుక్కొచ్చాను. అట్టముక్కకు నల్ల కాగితం అంటించినట్టుండే రకం. పనిచేస్తాయో లేదోనని ఒకటి పెట్టుకుని తలెత్తాను. సూర్యుడు చిన్న నారింజ బిళ్ళలా కనిపించాడు. నడుమ ఆవగింజంత నల్ల చుక్క.

"అత్తయ్యా! సూర్యుడి మీద మచ్చ కనిపిస్తోంది!" అని కేకేశాను.

వరండాలోంచి జవాబొచ్చింది. "కళ్ళజోడు మీద ఈగ వాలి ఉంటుంది. తుడుచుకో."

తుడిచి పెట్టుకున్నాను. తిరగేసి పెట్టుకున్నాను. ఇంకో జోడు తెచ్చి పెట్టుకున్నాను. "ఉందండీ, ఇందులోనూ ఉంది!"

"నేనిప్పుడే చూశాను రొండా. సున్నా."

తడి చేతులతోనే మెట్లెక్కాను. అట్ట మీద బింబం పడుతోంది. దాని నడిమధ్యన మిరియపు గింజంత నల్లటి మచ్చ, దాని వెనక తోకలా నాలుగైదు నలుసులు. పక్కనున్న కాగితంలో ఆవాళ్టి తేదీ, దానికెదురుగా గుండ్రటి సున్నా.

"మరి ఇదేమిటి?" అని వేలు పెట్టి చూపించాను.

"ఏది?"

"ఇదిగో, ఇది."

ముక్కు అట్టకు తగిలేదాకా వంగింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నా వేలు పట్టుకుని, "తియ్యకు" అంది. తన వేలితో నా వేలి కొసన అట్టను తడిమింది. మచ్చ చేతికి తగులుతుందేమోనని వెతికినట్టు తడిమింది. నేనెందుకు నోరు తెరిచానురా దేవుడా అనుకున్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళి మైలోకి ఫోన్ చేసింది. మైలో హ్రూస్కా ఊళ్ళో రిటైరైన పోస్ట్‌మాస్టరు. ఆయనా రోజూ సూర్యుణ్ణి లెక్కపెడతాడు, పొద్దున్నే ఫోన్ చేసి అత్తయ్య లెక్క అడుగుతాడు. వాళ్ళిద్దరిదీ నలభై ఏళ్ళ స్నేహం, నలభై ఏళ్ళ పోటీ.

"ఇవాళ నీకెంత వచ్చింది?" అనడిగింది. ఫోన్లో ఆయన గొంతు గుమ్మం దగ్గరున్న నాక్కూడా వినిపిస్తోంది.

"ఇరవై ఆరు."

"నిన్న?"

"ఇరవై నాలుగు. ఎందుకు వెల్డా ఇప్పుడు..."

"నేను సున్నా చెప్పినప్పుడల్లా నువ్వు 'ఊఁ' అన్నావు. ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఏప్రిల్ నుంచి" అన్నాడు.

అత్తయ్య ఫోన్ పెట్టేసింది. కుర్చీలో కూచుని, నా భుజం పక్కన ఉన్న గోడకేసి చూస్తూ అంది: "నేను సూర్యుడు నిద్రపోతున్నాడనుకున్నానే."

స్కాట్స్‌బ్లఫ్ పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోయిందన్నాడాయన. ఎటు చూస్తే అటే నల్లగా ఒక ముద్ద అడ్డం వస్తుంది, చుట్టూ అంచుల్లో ఉన్న చూపు మాత్రం నిలుస్తుంది, అద్దాలకు లొంగేది కాదన్నాడు. ఎంతో కాలంగా జరుగుతూ ఉండాలి, మీకు తెలియలేదా అనడిగాడు. అత్తయ్య ఏమని చెప్తుంది? మచ్చలు తగ్గే కాలంలో ఆవిడ చూపు తగ్గింది. తప్పు తన కంటిదని తోచేలోపు, నెపం వేయడానికి సూర్యుడు సిద్ధంగా ఉన్నాడు. రోజూ ఆ అట్టకేసి చూసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఇలాంటి మోసం జరగదు.

గంటన్నర దారిలో సగం దూరం వచ్చాక నోరు విప్పింది.

"ఆ రోజు నేను దిబ్బ మీదికి రాను."

"అదేంటండీ?"

"అందరూ ఆకాశంలోకి చూసి గావుకేకలు పెడుతుంటే నేను గుడ్డి ఆవులా నిలబడాలా? ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆగాను రొండా. ఒక్క నెల. ఒక్క నెల ముందు..." ఆ మాట అక్కడితో ఆపేసింది. నేను రోడ్డుకేసి చూస్తూ నడిపాను. కళ్ళు తుడుచుకోవడానికి స్టీరింగ్ వదల్లేక ముక్కు ఎగబీల్చుకున్నాను.

మర్నాడు మైలో రెండు అట్టపెట్టెల నిండా తన కాగితాలు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"సిగ్గులేదూ నీకు? నా ముఖం మీద చెప్పలేకపోయావా?" అంది అత్తయ్య.

"భయమేసింది."

"నేనంటేనా?"

"నువ్వంటే ఎప్పుడూ భయమే. అది కాదు. ఈ సంగతి చెప్తే నువ్వు మానేస్తావు. మానేస్తే పొద్దున్నే నేనెవరికి ఫోన్ చెయ్యను?"

అత్తయ్య ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి, మూసేసింది. "కూచో. కాఫీ తాగు. రొండా, నువ్వు చదువు" అంది.

ఆవిడ కాగితాలు ఒక పక్క, మైలోవి ఒక పక్క పెట్టుకుని రోజు రోజుకీ చదివాను. జులై నుంచి వెనక్కి. మైలోది ఇరవై రెండు, మనది సున్నా. మైలోది పదమూడు, మనది సున్నా. 'మనది' అని నా నోట్లోంచి ఎప్పుడొచ్చిందో నాకే తెలియలేదు. మే, మార్చి, క్రిస్మస్... చదువుతున్నకొద్దీ ఇద్దరి అంకెలూ దగ్గరపడ్డాయి. నిరుడు సెప్టెంబరు పధ్నాలుగు దగ్గర ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి.

"అక్కడ ఆపు. సంఘానికి ఉత్తరం రాయి" అంది అత్తయ్య. "నిరుడు సెప్టెంబరు పదిహేను నుంచి నేను పంపిన లెక్కలన్నీ కొట్టేయండి. తప్పు సూర్యుడిది కాదు, నాది. అంతే. కింద సంతకం నేనే పెడతాను."

పది నెలల పని. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. గుప్‌చుప్‌గా ఊరుకున్నా లోకానికి వచ్చే నష్టం లేదు. అదే మాట అన్నాను కూడా. "రేపటి నుంచి నేను చూసి చెప్తాను అత్తయ్యా, మీరు మీ పేరు మీదే రాయండి. ఎవరికి తెలుస్తుంది?"

"నీ కళ్ళతో చూసి నా పేరు రాసుకుంటే దాన్ని దొంగతనమంటారు" అని కాగితం కోసం చెయ్యి చాపింది. నేనే గీత చూపించాల్సి వచ్చింది. గీతకు ఒక అంగుళం కిందగా సంతకం పెట్టింది. ఆవిడ ఎలాంటి మనిషో ఇరవై మూడేళ్ళు ఒకే బల్ల దగ్గర తిని కూడా నాకు తెలియలేదు. ఆవేళ తెలిసింది.

ఆగస్టు వచ్చింది. మా చిన్న ఊళ్ళో ఎక్కడెక్కడి కార్లో బారులు తీరాయి. బంకులో రొట్టెలు అయిపోయాయి. గార్త్ దిబ్బ మీద పచ్చిక కోసి, వాలు కుర్చీలు వేసి, తల్లి దగ్గరికెళ్ళి, "అమ్మా, నీ కుర్చీ మధ్యలో వేశాను" అన్నాడు. "మైలోని కూచోమను" అంది. "ఆవిడ ఇష్టం, వదిలెయ్" అని నాతో అన్నాడు. మా ఆయన మంచివాడే గాని, తల్లి 'వద్దు' అంటే దానికింకో అర్థం ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

ఇరవై ఒకటో తేదీ తెల్లారేసరికి పొగమంచు కమ్మేసింది. తొమ్మిదింటికి విడిపోయింది. గార్త్, మైలో దిబ్బ ఎక్కేశారు. అత్తయ్య వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. చూపుతో పనిలేకుండా, చేత్తో తడుముకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూచున్నాను. "నేనూ వెళ్ళను."

"నీకేమొచ్చింది?"

"రూబార్బ్ పై చేసుకుందాం. మీరు ముక్కలు కొయ్యండి, నేను పిండి కలుపుతాను. పై కోసం శుక్రుణ్ణి వదిలేశానని వారంరోజులు నాతో మాట్లాడలేదు మీరు. ఇవాళ మీరు బంగాళాదుంపల కోసం సూర్యుణ్ణే వదిలేస్తున్నారు. రేపట్నుంచి నేను మాట్లాడను. వారం కాదు, నెల."

అత్తయ్య చాకు ఆపింది. జీవితంలో మొదటిసారి ఆవిడ మీద గొంతెత్తాను.

"నాకు కనిపించదు పిల్లా" అంది మెల్లగా.

"కనిపించకపోతే నేను చెప్తాను. లేవండి."

లేచింది. చెయ్యి పట్టుకోనివ్వలేదు, నా మోచెయ్యి తనే పట్టుకుంది.

మేం దిబ్బ ఎక్కేసరికి గ్రహణం అప్పటికే పట్టింది. కళ్ళజోళ్ళతో చూస్తే సూర్యుణ్ణి ఎవరో బిస్కెట్టులా కొరికేసినట్టుంది. అత్తయ్యను మధ్య కుర్చీలో వెనక్కి వాల్చి కూచోబెట్టాను. మైలో టెలిస్కోపుకు అతుక్కుపోయి ఉన్నాడు. ఆవిణ్ణి చూసి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. వెలుగు తగ్గుతూ వచ్చింది. పాలు విరిగినట్టు ఏదో వింత రంగు. చలి పుట్టింది. మేస్తున్న ఆవులు ఒక్కొక్కటే తల తిప్పి కొట్టం వైపు నడక సాగించాయి.

"తియ్యండి! కళ్ళజోళ్ళు తియ్యండి!" అని మైలో అరిచాడు.

తీసి తలెత్తాను. ఒక్క క్షణం. నల్లటి గుండ్రటి రంధ్రం, చుట్టూ ఏదో తెల్లగా. దిబ్బల అవతల ఎక్కడెక్కడి జనం వేసిన కేకలు గాలిలో కలిసి వినిపించాయి. గార్త్ "అమ్మ బాబోయ్, అమ్మ బాబోయ్" అంటున్నాడు. నేను వెంటనే అత్తయ్యకేసి చూశాను.

ఆవిడ సూటిగా సూర్యుడున్న చోటికే చూస్తోంది. కళ్ళు పెద్దవి చేసి.

"లేదు" అంది. "చీకటి తెలుస్తోంది. ఆయన ఉండాల్సిన చోట నా ముద్దే ఉంది. ఏమీ లేదు రొండా."

"ముప్ఫై సెకన్లు అయ్యాయి!" అని మైలో లెక్క చెప్పాడు.

చెప్తానని తీసుకొచ్చాను కదా. ఏం చెప్పను? బస్సు నడిపేదాన్ని, నాకు మాటలెక్కడివి? ఆవిడ మీదికి వంగి, "అత్తయ్యా, తెల్లగా... చుట్టూ తెల్లగా ఉందండీ..." అంటూ భోరుమన్నాను. నా ఏడుపు విని ఆవిడ చూపు సూర్యుడి మీంచి తీసి నా ముఖంలోకి చూసింది.

చూసి, ఊపిరి బిగబట్టింది.

"కదలకు."

"ఏంటండీ?"

"కదలకు! అలాగే ఉండు. తల కొంచెం ఇటు. ఇంకొంచెం. ఆగు!" రెండు చేతులతో నా చెంపలు పట్టేసుకుంది. "నీ చెవి పక్కన ఉన్నాడు. ఓరి నాయనో. నీ చెవి పక్కనే ఉన్నాడే!"

"ఏం కనిపిస్తోంది వెల్డా?" అని మైలో టెలిస్కోపు వదిలి పరిగెత్తుకొచ్చాడు.

"మసక నక్షత్రాల్ని పక్క చూపుతో చూడాలని నీకు నేర్పింది నేనేరా! నేనే మర్చిపోయాను. సూటిగా చూడకూడదు, సూటిగా చూస్తే నా చీకటే కనిపిస్తుంది. ఈ పిల్ల ముఖం చూస్తే ఆయన కనిపిస్తున్నాడు." ఆవిడ కళ్ళు నా కళ్ళలోంచి కదల్లేదు. మాటలు మాత్రం గబగబా వచ్చేస్తున్నాయి. "తెల్లటి రెక్కలు. మూడు. ఎడమది పొడుగ్గా ఉంది. ముత్యం రంగు, కాదు, ముత్యం కంటే చల్లగా ఉంది. కుడివైపు ఒక చుక్క మెరుస్తోంది, అది శుక్రుడా?"

"శుక్రుడే" అన్నాడు మైలో. "అరవై సెకన్లు ఉన్నాయి ఇంకా."

"కదలకే తల్లీ."

నడుం విరిగిపోతోంది. చెమటో కన్నీళ్ళో ముక్కు మీంచి జారి ఆవిడ గౌను మీద పడుతున్నాయి. వీపు వెనక ఆకాశంలో ఏం జరుగుతోందో నాకు తెలియదు. చూడాలని కూడా అనిపించలేదు. ఆ నిమిషంలో నేనుండాల్సిన చోట నేనున్నానని నాకు బాగా తెలుసు. అంత ఖాయంగా ఏ విషయమూ అంతకు ముందూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. అందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక అందరికీ మనసులోనే పెట్టుకున్నాను.

పడమటి నుంచి వెలుగు దిబ్బల మీదుగా పరిగెత్తుకొచ్చింది. "పెట్టుకోండి!" అన్నాడు మైలో. అత్తయ్య చేతులు వదిలింది. మామయ్య పోయినప్పుడు కూడా ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"నువ్వేం చూశావే?"

"మీ ముక్కు చూశాను" అన్నాను.

"అయ్యో పిచ్చిదానా! ఇన్నేళ్ళకు వచ్చినదాన్ని నీకు కాకుండా చేశానా?"

"మీకు కనిపించిందా లేదా?"

"కనిపించింది."

"అయితే నాకింకేం కావాలండీ" అన్నాను. మర్యాద కోసం అన్న మాట కాదు.

సాయంత్రం నలుగురం వంటింట్లో కూచుని బంగాళాదుంపల సలాడ్ తింటుండగా అత్తయ్య సంఘంవాళ్ళు పంపిన గ్రహణం కాగితం తెమ్మంది.

"కొట్టేయమని ఉత్తరం రాశారు కదండీ, మళ్ళీనా?"

"అవి నేను చూడనివి. ఇది నేను చూసింది. నా కళ్ళతో" అంది. "రాయి."

ఆవిడ చెప్తుంటే రాశాను. తేదీ. స్థలం. ఆకాశం నిర్మలం. మూడు రెక్కలు, ఎడమది పొడుగు. శుక్రుడు కనిపించెను. చివరికి వచ్చేసరికి ఒక గడి ఖాళీగా మిగిలింది.

"పరికరం అని ఉందండీ. దేంతో చూశారో రాయాలిట. పరికరం లేదు అని రాయనా?"

"అబద్ధం ఎందుకు రాస్తావ్? 'రొండా' అని రాయి."

గార్త్ ఫోర్కు కింద పెట్టాడు. మైలో కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"నవ్వుతారండీ" అన్నాను.

"నవ్వనీ. పక్కన 'మా కోడలు' అని కూడా రాయి" అంది మా అత్తయ్య. "లేకపోతే ఏదో కొత్త టెలిస్కోపు కంపెనీ అనుకుంటారు."